తొక్కకంటిన వెండి

పెళ్ళికాని పిల్లల పండగలో ఇరవై తొమ్మిదేళ్ళ నన్ను తీసుకొచ్చి కూర్చోబెట్టారు. తీజ్ అంటే మా లంబాడీ తండాల్లో శ్రావణమాసంలో వచ్చే పండగ. పెళ్ళికాని ఆడపిల్లలు బుట్టల్లో పుట్టమన్ను పోసి, నానబెట్టిన గోధుమలు చల్లి, తొమ్మిది రోజులపాటు నీళ్ళు పోసి మొలకలు పెంచుతారు. అన్నాళ్ళూ ఉప్పు లేని తిండి. నా పక్కన బుట్ట పట్టుకుని నిలబడ్డ పిల్ల ఎనిమిదో తరగతి చదువుతోంది. అది నన్ను చూసి "పిన్నీ, కొంచెం జరగవా" అంది. నాలుగు తగిలిద్దామనుకున్నాను గానీ, పండగపూట ఎందుకులే అని జరిగాను.

ఇదంతా మా చెల్లెలు మోతీ చేసిన పని. దసరా దాటగానే దాని పెళ్ళి. అదే దానికి ఆఖరి తీజ్. "అక్క కూసుంటేనే నేను కూసుంట, లేకుంటే బుట్టనే ముట్ట" అని భీష్మించింది. మా యాడి, అంటే అమ్మ, బస్‌స్టేజీ దాకా నడిచెళ్ళి హైదరాబాదుకు ఫోన్ చేసి ఏడ్చింది. నేను సెలవు పెట్టి వచ్చేశాను. అందరూ నాది చెల్లెలి మీద ప్రేమనుకున్నారు. ప్రేమ ఉన్న మాట నిజమే, కానీ నేను వచ్చింది అందుకు కాదు. మా తండాలో ఫోన్ సిగ్నల్ ఉండదు, అందుకు వచ్చాను.

తీరా వచ్చాక ఆ సిగ్నల్ లేకపోవడమే నన్ను చంపుతోంది. పొద్దున్నుంచి ఇంట్లోకీ వాకిట్లోకీ తిరుగుతున్నాను. ఫోన్ తీయడం, చూడడం, జేబులో పెట్టడం, మళ్ళీ తీయడం. మా ఇంట్లో మాటలు మా భాషలోనే నడుస్తాయి, ఇక్కడ తెలుగులో చెబుతున్నాను. యాడి జొన్నపిండి కలుపుతూ చూసి చూసి అడిగింది.

"కాలు కాలిన పిల్లి లెక్క ఏంది తిరుగుడు? ఎవడన్న ఉన్నడా ఏంది ఆడ?"

"ఉన్నడు. రాయి లెక్క ఉంటడు. బియ్యపుగింజ అంత. నల్లగ."

"గట్లాంటోడైనా సరే, తీస్కరా. చూస్తం," అంది యాడి. ఆమెకు నవ్వు రాలేదు. నాకూ రాలేదు.

ఆ నల్లటి గింజ పేరు రాగి ఆక్సైడు స్ఫటికం. నాలుగేళ్ళుగా నా బతుకంతా దానితోనే. హైదరాబాదులో మా ల్యాబులో ఒక పెద్ద ఫ్రిజ్ ఉంది. మన ఇళ్ళలో పెరుగు పెట్టుకునేది కాదు, ద్రవ హీలియంతో నడిచేది. ఇంక ఇంతకంటే చల్లబడడం కుదరదు అనే చోటు ఒకటుందే, దాని గడపదాకా తీసుకెళ్ళగలదు. అంత చలిలో ఈ గింజకు ఒక చివర చిటికెడు వేడి ఇచ్చి, ఆ వేడి రెండో చివరకు ఎలా వెళ్తోందో కొలవడం నా పని. ఇది మామూలు గింజ కాదు, అతివాహకం. చల్లబడితే కరెంటుకు ఏ అడ్డూ చెప్పదు. ఇంకో రకం అతివాహకాలు ఇంతకంటే ఎంతో చలిలో గానీ ఆ పని చేయవు, అందుకే దీనికి అంత పేరు.

దీనిలో ఒక తమాషా ఉంది. ఎలక్ట్రాన్లు జతలు కట్టి అడ్డు లేకుండా కరెంటు మోస్తాయి. కానీ ఆ జతలు వేడి మోయవు. చుక్క వేడి కూడా మోయవు. వేడి మోసేది జత కట్టకుండా మిగిలిపోయిన ఒంటరి ఎలక్ట్రాన్లు, వాటితోపాటు స్ఫటికం తాలూకు వణుకు. చలి పెరిగేకొద్దీ వణుకు చచ్చిపోతుంది, చివరికి ఒంటరివే మిగులుతాయి. స్ఫటికంలో ఎంత మలినం కలిపినా సరే, ఆ ఒంటరి ఎలక్ట్రాన్లు మోసే వాటా మారదని సిద్ధాంతం చెబుతుంది. ఎన్నో ల్యాబుల్లో కొలిచి చూశారు కూడా.

నా గింజలో ఆ వాటా లేదు. చలి ఒక గీత దాటగానే నా గ్రాఫు నేల మీదికి పడిపోయింది. ఒంటరివి వేడి మోయడం మానేశాయి.

మా గైడు వెంకటరామారావు సార్ ఆ గ్రాఫు చూసి లేచి నిలబడ్డారు. ఆయనది సత్తుపల్లి వైపు. వాళ్ళ తాతలు కోస్తా నుంచి వచ్చి పొగాకు వేసిన కుటుంబం. వచ్చే ఏడు రిటైరు అవుతారు. "మన ఖమ్మం వాళ్ళిద్దరం కలిసి ఒక నియమాన్ని పడగొట్టామమ్మా యశోదా" అన్నారు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరగడం అదే మొదటిసారి చూశాను. ఈ రోజు మధ్యాహ్నం మూడింటికి బెంగళూరులో పెద్ద సదస్సు. బయటి దేశాలవాళ్ళు వస్తున్నారు. నా గ్రాఫు ఆయన ప్రసంగంలో ఆఖరి బొమ్మ.

ఆ గ్రాఫు అబద్ధమేమోనని నాకు వారం నుంచి అనుమానం.

అనుమానం ఎందుకంటే, గింజకు వేడి వెళ్ళేది వెండి అతుకుల గుండా. స్ఫటికం మీద వెండి పేస్టుతో సన్నటి చుక్కలు పెట్టి, వాటికి తీగలు అంటించాలి. ఆ చుక్కలు పెట్టింది నేనే. పెట్టాక కొలిమిలో బాగా కాల్చాలి, అప్పుడే వెండి లోపలికి దిగుతుంది. కానీ ఎక్కువ కాలిస్తే స్ఫటికంలోని ఆక్సిజన్ పోతుంది, మళ్ళీ ఎక్కించాలి, ఆ వేడికీ చలికీ మధ్య పగుళ్ళు కూడా రావచ్చు. ఉన్నది ఒక్కటే మంచి గింజ. నేను భయపడి తక్కువ వేడిలో ఆరబెట్టాను. తీగ పట్టుకుని లాగితే ఊడలేదు. చాలనుకున్నాను.

అతుకు సరిగ్గా లేకపోతే ఏమవుతుంది? వేడి నేరుగా ఎలక్ట్రాన్లకు ఎక్కదు. ముందు స్ఫటికం వణుకుకు ఎక్కి, ఆ వణుకు దగ్గర్నుంచి ఎలక్ట్రాన్లు అందుకోవాలి. మామూలు చలిలో అందుకుంటాయి. కానీ మేం చేరిన చలిలో ఆ రెండింటికీ మాటల్లేవు, వేరుపడ్డ అన్నదమ్ముల్లాగ. అప్పుడు నా థర్మామీటరుకు ఎలక్ట్రాన్ల ఊసే తెలియదు. నేనేమో అవి మోయడం లేదని రాసేస్తాను.

పరీక్ష చిన్నదే. అతుకుల గుండా కొంచెం కరెంటు పంపి నిరోధం చూడాలి. గింజకు ఎలాగూ నిరోధం లేదు, కాబట్టి వచ్చిందంతా అతుకులదే. ఆ పరీక్ష చేయమని నా జూనియర్ నాగచైతన్యకు ఒక్క మాట చెప్పొచ్చు. చెప్పకుండా బస్సెక్కాను. ల్యాబులో హీలియం ఈ సాయంత్రంతో అయిపోతుంది. ఫ్రిజ్ వేడెక్కాక ఆ అతుకులు ఆ చలిలో ఎలా ఉన్నాయో ఎవరికీ తెలియదు. ఎవరూ అడగరు. ఎంత హాయి!

హాయిగా ఉంటే ఇలా ఎందుకు తిరుగుతాను?

మొదటిరోజు పొద్దుటి పూజ అయ్యాక పిల్లలందరం వాకిట్లో కూర్చున్నాం. సాయంత్రం ఇంకో తంతు ఉంది. రేగుకొమ్మ నాటుతారు. నానబెట్టిన శనగలను ఆడపిల్లలు ఆ ముళ్ళకు గుచ్చాలి. గుచ్చుతుంటే బావ వరసైన మగపిల్లలు కొమ్మ పట్టుకుని ఊపుతారు. ఎవరి శనగ పడిపోతే వాళ్ళను ఏడిపిస్తారు. శనగ పగిలితే అత్త గయ్యాళిదొస్తుందని ఇంకా ఏడిపిస్తారు. మోతీ ఒక రేగుకొమ్మ విరుచుకొచ్చి అందరిచేతా ముందే సాధన చేయిస్తోంది.

నేనూ నాలుగు గుచ్చాను. బాగానే నిలబడ్డాయి. మోతీ కొమ్మను ఇలా ఒక్క విదిలింపు విదిలించింది. దానివి అన్నీ ఉన్నాయి. నావి నాలుగూ నేల మీద పడ్డాయి.

పిల్లలు గొల్లుమన్నారు. మోతీ ఒకటి ఏరి చూసింది.

"తొక్కకే గుచ్చినవ్ అక్కా. లోపలికి దిగలే. పగుల్తదని భయపడ్డవా?"

నేను ఆ శనగను దాని చేతిలోంచి లాక్కున్నాను. తొక్క మీద చిన్న చిల్లు. పప్పు మీద గీత కూడా లేదు. నా చెవులు వేడెక్కాయి. చిన్నప్పుడూ ఇంతే చేసేదాన్ని, పగులుతుందేమోనని పైపైన ఆనించేదాన్ని. అదే చెయ్యి హైదరాబాదు వెళ్ళి వెండి అతికించింది.

"జైరాం బావ యాడున్నడు?" అన్నాను లేస్తూ.

జైరాం మా మేనమామ కొడుకు. ఇల్లందులో బొగ్గు లారీ నడుపుతాడు. నాకే ఇస్తామనుకున్నారు ఒకప్పుడు. నా చదువు అయ్యేదాకా ఆగలేక మూడేళ్ళ కిందట వేరే పిల్లను చేసుకున్నాడు. మంచి పని చేశాడు. చెట్టుకింద బండి తుడుచుకుంటున్నాడు.

"బండి తియ్. సిగ్నల్ ఉన్న కాడికి పోవాలె. జల్దీ."

"ఇయ్యాలనా? బుట్ట పట్టినంక పొలిమేర దాటొద్దు గదనే."

అప్పుడే మా తండా నాయక్ బిచ్యా తాత కర్ర ఊపుకుంటూ వచ్చాడు. ఆయనకు ఈ వయసులోనూ చెవులు పాముచెవులు.

"ఎవరు దాటేది? బుట్ట విడిసి పొలిమేర దాటితే మొలక రాదు. నీ ఒక్కదానిదే గాదు, అందర్ది రాదు."

"తాతా, అరగంట పని. ఒక పెద్దమనిషి పదిమందిల తప్పు చెప్పబోతుండు. నా వల్ల."

"నీ వల్లనా? మరి ఈడ కూసోని ఏం జేస్తున్నవ్ పొద్దటిసంది?"

నాకు ఒళ్ళు మండింది, ఆయన మీద కాదు. "బుట్ట విడిసి దాటొద్దంటివి. బుట్ట పట్టుకుని దాటితే?" అన్నాను.

బిచ్యా తాత కర్ర నేలకు ఆనించి ఆలోచించాడు. మంచె మీది బుట్టలకేసి చూశాడు. "బుట్ట ఉంటే నువ్వు ఈడున్నట్టే," అన్నాడు చివరికి. "కానీ కింద పెట్టొద్దు. మగోడు ముట్టొద్దు. పొద్దు గుంకే యాల్లకు కొమ్మ కాడ ఉండాలె."

అలా నేను తలకు గుడ్డచుట్ట పెట్టుకుని, దాని మీద తడిమట్టి బుట్ట పెట్టుకుని, బావ బండి వెనక కూర్చుని బయలుదేరాను. మోతీ "అక్కా, నీళ్ళు చల్లుకుంట పో" అని చెంబుతో ఎదురొచ్చి బుట్టతోపాటు నన్నూ తడిపింది.

అడవి దారి గుంతలమయం. వాన పడి పడి ఎర్రమట్టి జారుతోంది. ఒక చెయ్యి బుట్టకు, ఒక చెయ్యి బావ భుజానికి. మెల్లగా పోనిస్తే ఆలస్యమవుతుంది, గట్టిగా పోనిస్తే గోధుమలు చిందుతాయి. "జల్దీ పో" అంటాను. బండి ఎగురుతుంది. "సంపుతవా, మెల్లగ పో" అంటాను. పాపం జైరాం, ఓపికమంతుడు. మా పెళ్ళి కానందుకు వాళ్ళావిడ రోజూ దేవుడికి దణ్ణం పెట్టుకుంటుందట.

గుట్ట ఎక్కేసరికి ఫోన్‌లో రెండు గీతలు వచ్చాయి. బండి ఆగకముందే నాగచైతన్యకు కలిపాను.

"అక్కా! పండగెలా ఉంది?"

"పండగ సంగతి తర్వాత. హీలియం ఉందా?"

"సాయంత్రం దాకా వస్తుంది. ఎందుకు?"

"అతుకుల నిరోధం చూడు. ఇప్పుడే. రెండు అదనపు తీగలు వదిలాను గదా, వాటిలో కొంచెం కరెంటు పంపు. గింజ వేడెక్కకుండా, బాగా తక్కువ."

వాడు తెలివైనవాడు. నేనెందుకు అడుగుతున్నానో వాడికి అర్థమైంది.

"అక్కా... మూడింటికి సార్ టాక్ కదా."

"అందుకే చెప్తున్నా. చెయ్."

"సార్‌ని అడగకుండానా?"

"సార్‌కు నేను చెప్తా. నువ్వు చెయ్ బాబూ, నీకు దణ్ణం పెడతా. దణ్ణం పెట్టడానికి కూడా చేతులు ఖాళీ లేవు."

చేసి ఫోన్ చేస్తానన్నాడు. నేను గుట్ట మీద బుట్ట నెత్తిన పెట్టుకుని అటూ ఇటూ నడవడం మొదలుపెట్టాను. కూర్చోవాలంటే బుట్ట కింద పెట్టకూడదు. కింద పత్తిచేలు, ఆ వెనక టేకు అడవి, దూరంగా ఓపెన్‌కాస్టు బొగ్గుగని మట్టిగుట్టల బూడిదరంగు. ఏదీ కంటికి ఆనడం లేదు. అతుకులు బాగుంటే చాలు, అనుకున్నాను. బాగుంటే నా గ్రాఫు నిజం. వెయ్యి మంది ముందు సార్ చూపిస్తారు. నా పేరు, మా తండా పేరు ఉన్న ఇంటిపేరు, గోడంత అక్షరాల్లో కనిపిస్తుంది. దేవుడా, బాగుండాలి. సీత్లా భవానీ, నీకు మేకపోతును కోయిస్తాను, అతుకులు బాగుండాలి. మొక్కు మొక్కి శాస్త్రం చేసేదాన్ని నేనొక్కదాన్నే కాదులే.

"ఇంతకీ ఏందే నీ లొల్లి?" అన్నాడు జైరాం, బండి మీద కూర్చుని.

చెప్పాను. జతలు కరెంటు మోస్తాయనీ, వేడి మోసేది ఒంటరివేననీ, నా లెక్కలో ఒంటరివి ఏమీ మోయలేదని తేలిందనీ.

జైరాం గడ్డం గోక్కున్నాడు. "జంటలకు వేడి లేదు, ఒంటరోళ్ళకే ఉందంటవా? గది నాకు ముందే ఎరుక. నువ్వు జూడు ఎట్ల మండుతున్నవో."

"బావా, బుట్ట లేకుంటే నిన్ను ఈ గుట్ట మీంచి తోసేద్దును."

"మరి ఒంటరోళ్ళు మోస్తలేరని నువ్వెట్ల చెప్పినవ్? వాళ్ళకు ఇచ్చినవా అసలు వేడి?"

"గదే కదా ఇప్పుడు చూస్తున్నది," అన్నాను.

ఫోన్ మోగింది. ఎత్తాను. నాగచైతన్య గొంతు చిన్నబోయింది.

"రెండు ఓమ్‌లు దాటింది అక్కా. తీగ మార్చి కూడా చూశా. అదే వస్తోంది."

అందులో వెయ్యో వంతు ఉండాలి. వెయ్యో వంతు! నా వెండి తొక్కకే అంటుకుని ఉంది. నాలుగేళ్ళ పని, ఆ నేలకు పడ్డ గ్రాఫు, సార్ కళ్ళనీళ్ళు, అన్నీ ఆ రెండు ఓమ్‌లలో పోయాయి. ఏడుపొచ్చింది. తల వంచి ఏడవడానికి కూడా లేదు, నెత్తిన బుట్ట. నిటారుగా నిలబడి ఏడ్చాను. కన్నీళ్ళు చెంపల మీదుగా మెడలోకి కారాయి, తుడుచుకునే దిక్కు లేదు.

"అక్కా, వింటున్నావా? నేను సార్‌కి ఏమీ చెప్పను. చెప్పాలనుకుంటే నువ్వే చెప్పు. చెప్పకపోతే... ఎవరికీ తెలీదు. సాయంత్రానికి వేడెక్కిపోతుంది."

వాడు చెడ్డవాడు కాదు. నేను వారం నుంచి నాకు నేను చెప్పుకుంటున్న మాటే వాడు పైకి అన్నాడు. వేరేవాళ్ళ నోట వింటే అది ఎంత చవకగా ఉందో తెలిసింది.

"ఆ కొలత రాసి పెట్టు. తేదీ వేసి," అన్నాను.

సార్‌కు కలిపాను. మోగుతోంది, ఎత్తడం లేదు. మళ్ళీ కలిపాను. ఈసారి మోగనే లేదు, గీతలు మాయం. మెసేజ్ కొట్టాను, పోలేదు. ఫోన్ పైకెత్తాను, పక్కకు తిప్పాను, గుట్ట చివరి బండరాయి ఎక్కాను. జైరాం "పడ్తవే!" అని అరిచాడు. రెండు దాటి ఇరవై నిమిషాలైంది.

"మెయిన్ రోడ్డుకు పో బావా. బస్‌స్టేజీ కాడ వస్తది సిగ్నల్."

ఈసారి నేను మెల్లగా పొమ్మనలేదు. బుట్టలోంచి తడిమన్ను నా మెడ మీద పడుతూనే ఉంది. బస్‌స్టేజీ దగ్గర ఇల్లందు బస్సు ఆగి ఉంది. కిటికీల్లోంచి తలలన్నీ బయటికొచ్చాయి. ఒక ముసలావిడ బుట్ట చూసి రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టుకుంది. కండక్టరు "ఎక్కుతవా అమ్మా, బుట్టకు గూడ టికెట్ కొట్టాల్నా?" అన్నాడు. నేను వాడికేసి చూసిన చూపుకు విజిల్ ఊదుకుని వెళ్ళిపోయాడు.

నాలుగు గీతలు. కలిపాను. ఇప్పుడైనా ఆపేయొచ్చు, అనిపించింది. ఎత్తకపోతే బాగుండు, నా తప్పు లేదనుకోవచ్చు.

"ఏమ్మా యశోదా! పండగ చేసుకుంటున్నావనుకున్నా. లోపలికి వెళ్తున్నానమ్మా, చెప్పు." గొంతు నిండా హుషారు.

"సార్, ఆఖరి బొమ్మ చూపించకండి."

"ఏంటీ?"

"నా గ్రాఫు సార్. అది తప్పు. అతుకుల నిరోధం ఇప్పుడే కొలిపించాను. రెండు ఓమ్‌ల పైన ఉంది. వేడి ఎలక్ట్రాన్లకు ఎక్కనే లేదు సార్. మనం కొలిచింది ఉత్త వణుకు."

వెనక జనం మాటలు, కప్పుల చప్పుడు వినిపిస్తున్నాయి. నా నెత్తి మీద బుట్ట ఇంటి దూలమంత బరువెక్కింది.

"అతుకులు ఎవరు పెట్టారు?" ఆ గొంతులో హుషారు చచ్చిపోయింది.

"నేనే సార్."

"కొలిమిలో కాల్చానన్నావు కదమ్మా."

"తక్కువలో కాల్చాను. పగులుతుందని భయమేసింది."

"ఆ మాట నాకు వారం కిందట చెబితే నీ సొమ్మేం పోయింది?" ఆయన నా మీద అరవడం అదే మొదలు. "పోస్టర్ మీద వేశారు. పొద్దుటినుంచి పది మంది వచ్చి అడిగారు, కొత్తగా ఏదో చూపిస్తారట కదా అని. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు చేశావు కదమ్మా నన్ను! ఆ బొమ్మ తీసేస్తే నా దగ్గర ఏముంది చెప్పడానికి? ఇదే నా ఆఖరి సదస్సు, తెలుసు కదా నీకు?"

తెలుసు. అందుకే వారం నుంచి చెప్పలేదు. అందుకే ఇప్పుడు చెబుతున్నాను. ఈ రెండింటిలో ఏదీ ఆయనతో అనలేకపోయాను.

"పాత నియమమే ఉంది సార్," అన్నాను. "ఒంటరి ఎలక్ట్రాన్లు వేడి మోస్తూనే ఉండొచ్చు సార్. మనమే వాటికి అందించలేదు."

లైన్ తెగిందేమోనని ఫోన్ చూసుకున్నాను. తెగలేదు.

"అందించలేదు," అన్నారు ఆయన, తనలో తాను అనుకుంటున్నట్టు. ఎవరో ఆయన్ను పేరు పెట్టి పిలిచారు. "వస్తున్నా" అని వాళ్ళకు చెప్పారు. తర్వాత నాతో, "ఫ్రిజ్ వేడెక్కించమని చెప్పు. గింజ బయటికి తీయండి. పండగయ్యాక వచ్చి అతుకులు మళ్ళీ పెట్టు. ఈసారి సరిగ్గా కాల్చు. పగిలితే పగలనీ."

ఉంటానని కూడా అనకుండా పెట్టేశారు.

నేను నాగచైతన్యకు ఆ మాటే చెప్పాను. "వేడెక్కించెయ్." వాడు సరే అన్నాడు, ఇంకేం అడగలేదు. జైరాం కూడా తిరుగుదారిలో ఒక్క పరాచికమైనా ఆడలేదు. నా ముఖం చూసి ఉంటాడు. ఒక చోట బండి ఆపి, వాగులో నీళ్ళు దోసిట్లో తెచ్చి, "నేను ముట్టొద్దు గదా, నువ్వే చల్లుకో" అని నా చేతిలో పోశాడు. బుట్ట సగం వెలితిగా ఉంది. మిగిలిన మట్టిలో ఎన్ని గింజలున్నాయో, మొలుస్తాయో లేదో తెలియదు.

పొద్దు వాలుతుండగా తండాకు చేరాం. రేగుకొమ్మ నాటేశారు. అమ్మాయిలు పాట ఎత్తుకున్నారు. బిచ్యా తాత నా బుట్టలోకి తొంగిచూసి, మన్ను తగ్గింది చూసి, పుట్టమన్ను గంప నా వైపు కాలితో జరిపాడు. నేను నా బుట్ట నింపుకున్నాను. మోతీ దాని బుట్టలోంచి గుప్పెడు గోధుమలు తీసి నా దానిలో చల్లింది.

"అయిందా నీ పని?"

"అయింది. పోయింది."

అది నా ముఖం చూసి నా చెయ్యి పట్టుకుంది. దాని చెయ్యి శనగల నీళ్ళతో జిగటగా ఉంది.

కొమ్మ దగ్గర నా వంతు వచ్చింది. అటువైపు జైరాం, ఇంకో ఇద్దరు బావలు కొమ్మను పట్టుకుని సిద్ధంగా ఉన్నారు. ఒక శనగ తీసుకున్నాను. అలవాటుకొద్దీ వేళ్ళు మెత్తబడ్డాయి. ఛీ, అనుకుని గట్టిగా నొక్కాను. శనగ రెండు ముక్కలైంది. తండా తండా అంతా అరిచింది.

"గయ్యాళి అత్త! యశోదకు గయ్యాళి అత్త!"

"రానీ," అన్నాను. "నాకంటే గయ్యాళిదైతే అప్పుడు చూద్దాం."

ఇంకొకటి తీసుకున్నాను. బావలు ఊపుతున్నారు. ముల్లు కదులుతోంది, ఎడమచేత్తో పట్టుకున్నాను, అరచేయి గీసుకుంది. శనగను ముల్లుకు ఆనించి నొక్కాను. ముల్లు తొక్క దాటింది, పప్పులోకి దిగింది, అవతలి వైపు నుంచి వచ్చి నా బొటనవేలిలో కసుక్కున దిగింది. నేను చెయ్యి తీయలేదు. ఇంకొంచెం నొక్కాను. పగలలేదు. వేలిమీద రక్తం బొట్టు లేచింది.

"ఊపు బావా," అన్నాను.

జైరాం రెండు చేతులా పట్టుకుని ఊపాడు. పక్కవాళ్ళవి టపటపా రాలాయి. చూసే పిల్లలు కేకలు పెడుతున్నారు. ఈ పాటికి బెంగళూరులో సార్ మాట్లాడడం అయిపోయి ఉంటుంది, ఏం చెప్పారో నాకు తెలియదు, పండగయ్యేదాకా తెలియదు. హైదరాబాదులో నా గింజ మెల్లమెల్లగా వేడెక్కుతూ ఉంటుంది. నేను వేలు నోట్లో పెట్టుకుని కొమ్మకేసి చూస్తూ నిలబడ్డాను. కొమ్మ ఇంకా ఊగుతూనే ఉంది. నా శనగ ఊడలేదు.